తార్నాక బాటలో తెరచిన పనిముట్లు



కంప్యూటరులను నడపు సాఫ్ట్‌వేరులో ‘ఓపెన్ సోర్స్’ అని ఒక జాతి యున్నది. దానిని జనులు ఎప్పుడు చేపట్టుదురు, ఎప్పుడు చేపట్టరు, అందుకు కారణము లెవ్వి యని విచారించుట నేటి ప్రసంగ విషయము. పేరు వినగానే, ఇది పట్టణవాసుల గొడవ, మనకేల యని మీలో కొందరనుకొందురేమో. విషయము క్రొత్తదే కాని ప్రశ్న పాతది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమున నూరేండ్లకు పూర్వమే యిది మరియొక రూపమున పుట్టినది. అందుచేత దీనిని చరిత్రగా చెప్పదలచితిని.

ముందుగా వస్తువును తెలిసికొందము. కంప్యూటరు తనంతట తానేమియు చేయజాలదు. ఇట్లు చేయుము, ఇట్లు కానిచో అట్లు చేయుము అని వరుసగా వ్రాసిన యాజ్ఞలు దానికి కావలెను. ఆ యాజ్ఞల మూటయే సాఫ్ట్‌వేరు. కొందరు వర్తకులు దానిని మూతవేసిన పెట్టెవలె అమ్ముదురు. కొన్నవాడు వాడుకొనవచ్చును గాని లోపలి వ్రాత చూడరాదు, దిద్దరాదు, పొరుగువానికి నకలీయరాదు. మరికొందరు లోపలి వ్రాతను తెరచియుంచి, చూడుడు, దిద్దుడు, పదిమందికి పంచుడు అని లోకమునకు విడుతురు. నాగలికర్రు మొద్దువారినచో ఏ యూరి కమ్మరియైనను కాల్చి సాగగొట్టును. దానిని మొదట చేసిన కమ్మరియొద్దకే పోవలెనను నిర్బంధము లేదు. తెరచిన సాఫ్ట్‌వేరును అట్టిదే. అది తరచుగా ఉచితముగా లభించును గాని, ఉచితమగుట దాని ప్రధాన లక్షణము కాదు. బాగుచేసికొను హక్కు మన చేతిలో నుండుటయే ప్రధానము.

ఇట్టి వస్తువును అందరును వెంటనే చేపట్టవలసినది. కాని చేపట్టలేదు. ఒకే బాటలో, ఒకే కాలమున, ఒక యింటివారు చేపట్టిరి, ఎదురింటివారు చేపట్టలేదు. ఆ బాట తార్నాక బాట. సికిందరాబాదునుండి మెట్టుగూడ మీదుగా వచ్చి తార్నాక చౌరస్తాలో నిలిచినచో దక్షిణమున విశ్వవిద్యాలయము, దాని యంచుననే జాతీయ పోషకాహార సంస్థ కలవు. ఉప్పలువైపు నాలుగడుగులు సాగినచో 1944 లో స్థాపింపబడి నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యనబడు ప్రయోగశాల, ఆపైని జీవకణముల పరిశోధన చేయు సి.సి.ఎం.బి., ఇంకను ముందు 1961 లో వెలసిన భూభౌతిక పరిశోధన సంస్థ వరుసగా కనబడును. హబ్సిగూడ వద్ద నాచారమువైపు మరలినచో ఆ దారి 1967 లో పుట్టిన ఇ.సి.ఐ.ఎల్. అను ఎలక్ట్రానిక్స్ కర్మాగారమునకు పోవును. మన దేశమున స్వయముగా తయారైన తొలి కంప్యూటరులు కొన్ని అచ్చటనే రూపొందినవి.

ఇప్పుడు నూరేండ్లు వెనుకకు పోవుదము. 1917 లో సర్ అక్బర్ హైదరీగారు నిజాము ప్రభువునకు ఒక విజ్ఞప్తి సమర్పించిరి. ఇంగ్లీషులో చదువు చెప్పుటచేత విద్యార్థి బుద్ధి సగము భాషతోనే యలసిపోవుచున్నది, కావున దేశభాషలో ఉన్నత విద్య చెప్పు విశ్వవిద్యాలయ మొకటి కావలెనని దాని సారాంశము. అట్లు 1918 లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముగా వెలసినది. వైద్యము, గణితము, రసాయనము, ఇంజనీరింగు అన్నియు ఉర్దూలో చెప్పవలెను. పుస్తకములేవి? అందుకై 1917 లోనే ‘దారుల్ తర్జుమా’ అను భాషాంతరీకరణ శాఖ నేర్పరచిరి. మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు దానికి మొదటి యధ్యక్షులు. శాస్త్ర పదములను ఎట్లు కల్పింపవలెనను విషయమున వహీదుద్దీన్ సలీమ్ గారు 1921 లో ఒక గ్రంథమే ప్రకటించిరి. వందలకొలది పుస్తకములు ఉర్దూలోనికి వచ్చినవి. 1939 లో ఆర్ట్సు కళాశాల యొక్క ఆ గంభీరమైన రాతిభవనము తెరువబడునాటికి ఈ యేర్పాటు రెండు దశాబ్దముల వయసు గలది.

ఒక భాషలో శాస్త్రమును నేర్చుటయు ఒక పనిముట్టును చేపట్టుటయే. ఆ దృష్టితో చూచినచో దారుల్ తర్జుమావారి పనిలో కొఱతలు వెదకుట కష్టము. పదకోశములున్నవి, పుస్తకములున్నవి, పండితులున్నారు, ఖజానా తెరచియున్నది. ఆ చదువు చదివినవానికి సర్కారు కొలువు దొరకుచున్నది. ఇన్ని బలము లుండుటచేతనే అది ముప్పది యేండ్లు నిలిచినది. కాని రాజ్యములోని జనులలో ఇంచుమించు సగము మంది తెలుగువారు. తక్కినవారిలో మరాఠీ, కన్నడము మాటలాడువారు చాలమంది. ఉర్దూ ఇంటిభాషగా గలవారు పదింట ఒక పాలు మాత్రమే. ‘దేశభాష’ యను మాటలో నున్న యీ తిరకాసు తెలంగాణపు పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. మన పల్లెల పిల్లవానికి ఇంగ్లీషెట్లో ఉర్దూయు నట్లే నేర్వవలసిన పరభాష. పైగా రాజ్యపు హద్దు దాటినచో ఆ భాషలో రసాయనశాస్త్రము మాటలాడువాడు దొరకుట కష్టము. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము పడిపోయినది. కొలదికాలములోనే మాధ్యమము ఇంగ్లీషుగా మారినది. ముప్పది యేండ్ల పాటుపడి కూర్చిన పదకోశములు అలమారులలో మిగిలినవి. ప్రభువు నిలిపిన పని ప్రభువుతో పోయినది. దానిని బాగుచేయవలెనని తమంతట తాము పట్టుబట్టు పల్లె, వీథి, వర్తకశాల దాని వెనుక లేకపోయెను. (1968 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తెలుగు అకాడమిని స్థాపించి కళాశాలల పాఠ్యగ్రంథములను తెలుగున వ్రాయించినది. ఇక్కడ భాష ఇంటిదే; కాని పెద్దయుద్యోగముల వాకిట ఇంగ్లీషు కూర్చుండెను. ఆ కథ వేరొకనాడు చెప్పుకొనదగినది.)

తెరచిన సాఫ్ట్‌వేరు చరిత్రను రెండు మాటలలో ముగింతును. 1983 లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నాతడు, ఎవ్వరైనను చదివి దిద్దుకొనదగిన సాఫ్ట్‌వేరునే కల్పింతునని గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. 1991 లో ఫిన్లాండు దేశమున లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లినక్స్ అను కేంద్రభాగమును వ్రాసి లోకమునకు విడిచెను. రెండును కలసి ఒక పూర్ణయంత్రమునకు ప్రాణమైనవి. హైదరాబాదున 2005 లో ‘స్వేచ్ఛ’ అను సంస్థ యేర్పడి, ఆ లినక్స్‌ను తెలుగులో మాటలాడునట్లు చేయుటకును, ఇంజనీరింగు విద్యార్థులకు నేర్పుటకును పూనుకొన్నది.

తార్నాక బాటలో ప్రయోగశాలల వంటి చోట్ల లినక్స్‌ను గూర్చి ఉపన్యాసము లక్కరలేకపోయినవి. జీవకణములోని వంశబీజాక్షరములను లెక్కించు పనిముట్లలో అత్యధికము లినక్స్ కొఱకే వ్రాయబడినవి. ఒక దేశపు శాస్త్రజ్ఞుడు తన లెక్కను ప్రకటించినప్పుడు మరియొక దేశపు శాస్త్రజ్ఞుడు దానిని తానుగా చేసి చూడవలెను. మూతవేసిన పెట్టెలో జరిగిన లెక్కను ఎట్లు సరిచూచుట? పైగా శిష్యుడు చిక్కులో పడినచో ప్రక్కగదిలోనే అడుగుటకు మనిషి యుండును. 2017 నవంబరునుండి లోకమందలి అత్యంత వేగముగల ఐదువందల కంప్యూటరులును లినక్స్‌తోనే నడచుచున్నవి. అక్కడ తెరచిన వస్తువే ఆచారము, మూసినది అపవాదము.

ఆ బాటకే యెదుట, విశ్వవిద్యాలయపు ద్వారముల చుట్టును, టైపు చేయు దుకాణములు వెలసినవి. వీనిని డి.టి.పి. సెంటరు లందురు. పరిశోధక విద్యార్థి చేతివ్రాతతో తెచ్చిన కట్టను పుటకింతయని తీసికొని అక్షరములు కూర్చి, అచ్చుతీసి, అట్టకట్టి యిత్తురు. పెండ్లిపత్రికలు, కరపత్రములు, కవితాసంపుటములు అన్నియు నక్కడనే. ఈ దుకాణములవారు తెరచిన వస్తువును చేపట్టలేదు. వారిని తెలివితక్కువవారని యనుకొనుట అన్యాయము. వారి కారణములను నేను శ్రద్ధగా విన్నాను. అవి గట్టి కారణములు.

మొదటిది చేతి వేళ్లు. టైపిస్టు మీటలను చూడడు. అతని వేళ్లకు తోవ తెలియును. తెలుగు అచ్చుపనిలో అను లిపులు, వానితోడి యాపిల్ అమరిక యనబడు మీటల వరుస బహుళ ప్రచారములోనికి వచ్చినవి. ఆ లిపులు మన యచ్చుకు చేసిన మేలు తక్కువది కాదు. సీసపు టక్షరములు పోయిన పిదప తెలుగు పుటకు నిండుదనము తెచ్చినవి అవియే. ఆ వరుసలో గంటకు ఇన్ని పుటలని కూలి సంపాదించు మనిషిని, నీవు రేపటినుండి వేరొక వరుస నేర్చుకొనుమనినచో, నేర్చుకొను ఆ మూడు మాసములు అతని యింట పొయ్యి యెవరు వెలిగింతురు? ఈ ప్రశ్నకు ఉద్యమకారుల ప్రసంగములలో సమాధానము నాకు వినబడలేదు.

రెండవది పుటను కట్టు పనిముట్టు. దుకాణములన్నిట పేజ్‌మేకరు అను సాఫ్ట్‌వేరు పాతుకొన్నది. దానిని చేసినవారే 2001 లోని యేడవ కూర్పు తరువాత దానిని వదలివేసిరి. ఐనను మన దుకాణములలో అది వదలలేదు. ముద్రణాలయము అడుగునది ఆ రూపమే గనుక. తెరచినవారిలో స్క్రైబస్ అను పనిముట్టు అదే పని చేయును. కాని తెలుగు లిపి ఇంగ్లీషు వలె అక్షరముప్రక్క అక్షరము పేర్చునది కాదు. ‘స్త్రీ’ అను ఒక్క యక్షరమునకు యంత్రములో సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘము అని ఆరు గుర్తులుండును. వానిని కలిపి ఒత్తులను క్రిందికి దింపి అమర్చు నేర్పు 2017 నాటి కూర్పునకు గాని స్క్రైబస్‌కు రాలేదు. అంతవరకు, ఇది ఉచితము, దీనిని వాడుమని యెంత చెప్పినను, పగిలిన యక్షరములతో పెండ్లిపత్రిక నెవడు తీసికొనును?

మూడవదానిని బహిరంగముగా చెప్పుటకు అందరును జంకుదురు. మూతవేసిన పెట్టెలకు వేలకొలది రూపాయల వెల యున్నను, చాలచోట్ల ఆ వెల నీయక దొంగనకలు తెచ్చుకొనిరి. కావున ‘ఇది ఉచితము’ అను మాటకు అక్కడ విలువ లేదు. రెండును వారికి ఉచితములే. వెలగల వస్తువునకు నిజముగా వెలకట్టి కొనవలసి వచ్చియున్నచో తెరచిన పనిముట్లు ఇరువదియేండ్ల క్రిందటనే మన వీథులలోనికి వచ్చియుండునని నా నమ్మకము.

దీనివలన కలిగిన నష్టము చిన్నది కాదు. పాత అచ్చుకూటములలో కంపోజిటరు నిలిచి యుండు అక్షరపు పెట్టెను మీలో కొందరు చూచియుందురు. ఏ యరలో ఏ యక్షరమున్నదో ఆ కూటమువానికే తెలియును. తొలిదినములలో తెలుగు లిపులు చేసిన ప్రతి వర్తకుడును తన పెట్టెలో అరలను తన యిష్టము వచ్చినట్లు అమర్చుకొనెను. ఒకని ‘క’ యున్న యరలో వేరొకని యొత్తుండును. ఆ లిపి లేని యంత్రములో ఆ వ్రాతను తెరచినచో అర్థములేని గీతలు కనబడును. నేనెఱిగిన పరిశోధకుడొకడు ఐదేండ్లు తిరిగి పల్లెల వ్యవసాయపు పలుకుబళ్లు సేకరించి అట్టి యొక లిపిలో టైపు చేయించెను. కొన్నేండ్లకు గ్రంథముగా ప్రకటింపబోగా దుకాణము మూతపడినది, ఆ లిపి క్రొత్త యంత్రమున నిలువలేదు. కాగితపు ప్రతి నొకదానిని ముందు పెట్టుకొని మొదటినుండి మరల కూర్పించుకొనవలసి వచ్చెను. అతనికి కాగితమైనను మిగిలినది.

ఇందుకు విరుగుడు యూనికోడ్. అది లోకమందలి లిపుల కన్నిటికిని ఒకే అక్షరపు పెట్టె. 1991 లో వెలువడిన తొలి కూర్పుననే తెలుగునకు చోటు దొరకినది. మన దేశపు ప్రమాణమైన ఇస్కీ యను అమరికయే దానికి మాతృక. పెట్టె యున్నది గాని అక్షరములు పోతపోయువారు కావలెను. ఆ పని చేసినవారిలో పలువురు ప్రవాసులు, జీతము లేనివారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావుగారు, ఆనంద కిశోర్‌గారు ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయు పద్ధతి నొకటి కల్పించిరి. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను లిపులను చేసి ఊరకనే పంచిరి. వెన్న నాగార్జునగారు 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికి, పద్మ అను పనిముట్టుతో పత్రికల వేరువేరు లిపులను యూనికోడునకు మార్చు మార్గమును చూపిరి. 2006 లో వీవెన్‌గారి లేఖిని వచ్చినది. amma యని మీటలు నొక్కినచో ‘అమ్మ’ యని పడుట చూచి ఆనందింపని తెలుగువాడు లేడు.

లేఖిని అంత వేగముగా వ్యాపించుటకును, దుకాణము కదలకపోవుటకును కారణ మొక్కటే. లేఖిని వాడువాడు అదివరకు తెలుగు టైపు నేర్చినవాడు కాడు. అతని వేళ్లకు మరువవలసిన తోవ లేదు. ఖాళీ నేలలో విత్తు తేలికగా మొలచినది. ఆ వెనుక 2011, 2012 సంవత్సరముల ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును సిలికానాంధ్ర సంస్థయు కలసి పలు తెలుగు లిపులను ఎవ్వరైనను వాడుకొను షరతుతో విడుదల చేసినవి. సూరన్న, ధూర్జటి, గురజాడ, మల్లన్న, పెద్దన యని పెద్దల పేర్లు పెట్టిరి. గిడుగువారి పేరను కూడ ఒక లిపి యున్నది. వ్యావహారికము కొఱకు జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని యక్షరములలో నా యీ గ్రాంథికమును అచ్చువేసినచో ఆయన యేమనునో!

మరియొక రాష్ట్రమున మార్గము వేరు. కేరళలో 2001 లో బడులకు కంప్యూటరు విద్య తెచ్చు ఐ.టి.@స్కూల్ అను పథకము ప్రారంభమయ్యెను. కొలదియేండ్లలో వారు తెరచిన సాఫ్ట్‌వేరునే పాఠముగా నిర్ణయించిరి. అంతతో నాగక ఉపాధ్యాయులను ఎంపిక చేసి నేర్పి, వారిచేత తక్కిన యుపాధ్యాయులకు నేర్పించిరి. పరీక్షయు దానిలోనే పెట్టిరి. పిల్లవానికి అదియే తొలి పనిముట్టు గనుక కష్టమను మాటయే లేదు. జర్మనీలో మ్యూనిక్ నగరపాలకులు 2003 లో నిర్ణయించి క్రమముగా పదునైదు వేల కంప్యూటరులను లినక్స్‌కు మార్చిరి. పని నడచినది. కాని చుట్టుప్రక్కల కార్యాలయము లన్నియు వేరొక రూపమున కాగితములు పంపుచుండెను; పాలకులును మారిరి. 2017 లో మరల పాతదానికే పోవుటకు తీర్మానించిరి. దారుల్ తర్జుమా కథ మ్యూనిక్‌వారు చదివియుండరు. మన కేంద్రప్రభుత్వము 2015 లో, కార్యాలయములు తెరచిన సాఫ్ట్‌వేరునకు ప్రాధాన్య మీయవలెను, ఈయనిచో కారణము చెప్పవలెను అని విధానము ప్రకటించినది. కారణము వ్రాసి పెట్టుట గుమాస్తాకు కష్టమైన పని కాదని మీ రెఱుగుదురు.

ఇంతలో ఎవరి ప్రసంగమును వినకుండగనే మీరందరును చేపట్టితిరి. మీ జేబులోని చేతిఫోను ఆండ్రాయిడ్ జాతిది యైనచో దానికి ప్రాణము లినక్స్. మీ మనుమడు పంపిన తెలుగు సందేశము మీ ఫోనులో గీతలుగా గాక యక్షరములుగా కనబడుట యూనికోడు వలన. దానిని కొనునప్పుడు మీలో నొకడైనను లోపలి వ్రాత తెరచినదా, మూసినదా యని యడిగెనా? లేదు. పనికివచ్చినది, పొరుగువాని చేతనున్నది, అంగడిలో బాగుచేయువాడున్నాడు. ఈ మూడును చూచి కొంటిరి. అయినను ఒక చిక్కున్నది. లోపలి ప్రాణము తెరచినదే గాని, దానిపై వర్తకులు చేర్చిన భాగములు చాలవరకు మూసినవే. ఇది తెరచిన వస్తువు గెలుపా, లేక దానిని మింగిన వర్తకుని గెలుపా యని పండితులు తగవులాడుచున్నారు. నాకు రెండవ పక్షముపై మ్రొగ్గు గలదు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయమును గూర్చి చెప్పి విరమింతును. చిత్తూరు జిల్లాలో పుట్టి 1994 లో ట్యూరింగు పురస్కార మందిన రాజ్ రెడ్డిగారి ప్రయత్నముతో లోకములోని పుస్తకములను ఫొటో పుటలుగా నెక్కించు పని జరిగినది. అందు ఉస్మానియా గ్రంథాలయపు తెలుగు పుస్తకములు చాల చేరినవి. మొదటి పుటలో ఆ గ్రంథాలయపు చీటితో, ఫలాని తేదీలోగా తిరిగి యీయవలెనను హెచ్చరికతో సహా, నేడు ఏ యూరిలో నుండియైనను వానిని ఫోనులో చదువవచ్చును. కాని అవి బొమ్మలు. అందులో ఒక మాట వెదకినచో దొరకదు. బొమ్మను అక్షరములుగా మార్చు టెస్సరాక్ట్ అను పనిముట్టును 2005 లో తెరచి విడిచిరి. అది తెలుగును చదువును గాని, పాత యచ్చులో ఒత్తులను, అరసున్నలను తడబడి చదువును. ఆ తప్పులను మనుష్యులు దిద్దవలెను. తెలుగు వికీసోర్సులో ఆ దిద్దుబాటు పుటపుటగా జరుగుచున్నది. దిద్దువారిలో అరసున్న నెఱిగిన యువకులు తక్కువ. ఫోనున్నవారెవరైనను అందు చేరవచ్చును, రుసుము లేదు.